మహారాజశ్రీ పవర్ కండిషనర్ గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ పవర్ కండిషనర్ గారి దివ్యసముఖమునకు,

ఒడిశా రాష్ట్రం, గంజాం జిల్లా, బరంపురం కాపురస్తుడు, ఒక పాత స్టీరియో ఆంప్లిఫైయర్‌కీ రెండు స్పీకర్లకీ హక్కుదారు అయినవాడు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. వోల్టేజీ ఆరోగ్యమే పూటకో రకంగా ఉంటోంది. తమరు షోరూమ్ ఏసీలో, మందపాటి అల్యూమినియం పలక వెనక, నీలం దీపం వెలిగించుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాను.

తమ మహిమలు చాలా విన్నాను. గోడ సాకెట్‌కీ పాటల పెట్టెలకీ మధ్య కూర్చుని కరెంటును శుద్ధి చేస్తారట. తమరు ఇంట్లో అడుగుపెడితే బేస్ బిగుస్తుందట. గాయకుడు స్పీకర్లోంచి లేచి వచ్చి సోఫా ముందు నిలబడతాడట. మా షెల్ఫులో ఘంటసాల, ఒడియా గాయకుడు అక్షయ మహంతి పక్కపక్కనే ఉంటారు. ఇద్దరూ ఒకేసారి హాల్లోకి వస్తామంటే కాదనడానికి నేనెవణ్ణి? అందుకే తమ వెల అడిగాను. ఆంప్లిఫైయర్ వెలకు మించి చెప్పారు. నా ముఖం చూసి సేల్స్ కుర్రాడు, "బడ్జెట్ మోడల్ కూడా ఉంది సార్" అని తమ తమ్ముడుగారిని చూపించాడు. పలక పల్చన, దీపం ఎరుపు. పొగడ్తల్లో మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

కొనే ముందు తమతో కొన్ని విషయాలు మాట్లాడుకోవాలి. ఆడపిల్లను ఇచ్చేటప్పుడే అంత విచారిస్తాం, ఆంప్లిఫైయర్‌ను అప్పగించేటప్పుడు ఆ మాత్రం అడగకూడదా?

ముందు మా కరెంటు వంశవృక్షం. 1955 నుంచి ఆంధ్రా, ఒడిశా పంచుకుంటున్న మాచ్‌ఖండ్ నీళ్లున్నాయి, బలిమెల ఉంది, ఎగువ ఇంద్రావతి ఉంది, ఇవి కాక బొగ్గు కేంద్రాలున్నాయి. గ్రిడ్‌లో కలిశాక ఏది ఎవరిదో చెప్పడం బ్రహ్మతరం కాదు. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు, 1996లో, కరెంటు బోర్డును ముక్కలు చేసి చూపించింది కూడా మా రాష్ట్రమే. అలా కొండలూ అడవులూ దాటి వచ్చిన కరెంటును మా వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టుల నుంచి 433కి దించుతుంది. దాని మీద మాతోపాటు ఒక పిండిమర, ఒక వెల్డింగ్ షాపు, లెక్కలేనన్ని బోరు మోటార్లు బతుకుతున్నాయి. ఇంత కథ నడిచాక, ఆఖరి గజం దూరంలో తమరు కూర్చుని "నేను శుద్ధి చేస్తాను" అంటున్నారు. ఊరి చెరువును వదిలేసి వంటింటి కుళాయికి గుడ్డ కట్టినట్టుంది వ్యవహారం. గుడ్డ దండగని నేననను. నలకలు ఆగుతాయి. కానీ చెరువు ఎండిపోతే గుడ్డ ఏం చేస్తుంది?

మా అసలు బాధ ఆ ఎండడమే. నిబంధన ప్రకారం ఇంటికి 230 వోల్టులు రావాలి, అటూ ఇటూ 6 శాతం. అంటే 216 నుంచి 244 లోపు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. నెల పొడుగునా వీధులన్నీ దీపాలే, మైకులే. ఆ రాత్రుళ్లు మల్టీమీటర్ పెట్టి చూస్తే 180 కనిపించడం మాకు వింత కాదు. అమ్మవారు చల్లగా చూస్తుంది, ఫ్యాను చల్లగా తిరగదు. ఆంప్లిఫైయర్ సంగతి చెప్తాను. మాది పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ రకం. వోల్టేజీ ఎంత తగ్గితే లోపలి డీసీ అంత తగ్గుతుంది, దాని సామర్థ్యం వోల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన పడిపోతుంది. 230 దగ్గర 100 వాట్లు ఇచ్చేది 180 దగ్గర 60కి చేతులెత్తేస్తుంది. చెవికి ఇది 2 డెసిబెల్ల తేడా, అంతే. మెల్లగా వినేవాళ్లకి అసలు తెలియదు. గట్టిగా పెట్టినప్పుడే మృదంగం దెబ్బ పగులుతుంది.

దీనికి తమ దగ్గర మందు ఉందా అని అడిగితే, తమ తరఫున కుర్రాడు "నాయిస్ ఫిల్టర్ ఉంది సార్" అన్నాడు. నేను అన్నం అడిగాను, ఆయన తాంబూలం ఇచ్చాడు. తగ్గిన వోల్టేజీని పైకి లేపేది స్టెబిలైజర్. తమ పేరుతో అమ్ముడయ్యే పెట్టెల్లో చాలావాటిలో ఆ గుణమే లేదు. ఉన్నవాటిలో రిలే రకానిది టక్కుమంటుంది, సర్వో రకానిది లోపల మోటారు తిరిగి నిదానంగా సర్దుకుంటుంది. రెండింటినీ పక్క గదిలో పెట్టుకోవచ్చు. పాట వినే గదిలోనే స్టెబిలైజర్ పెట్టి, దాని టకటకలు వినపడకుండా మరో పెట్టె కొనేవాళ్లకు నా జోహార్లు. ఆన్‌లైన్ యూపీఎస్ అయితే కరెంటును డీసీ చేసి మళ్లీ కొత్తగా తయారుచేస్తుంది. దానికి ఫ్యానుంటుంది, బ్యాటరీ ఉంటుంది, కొన్నేళ్లకోసారి బ్యాటరీ ఖర్చుంటుంది. అది వేరే కాపురం.

ఇంకో మాట. ఆంప్లిఫైయర్ తమ కరెంటును నేరుగా స్పీకర్‌కి పంపదు. ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి, డయోడ్లతో ఒకవైపు నడిపించి, డబ్బాల్లాంటి కెపాసిటర్లలో నింపుకుని, అందులోంచి వాడుకుంటుంది. తమరు చేస్తామంటున్న శుద్ధిలో చాలాభాగం అది ఎప్పటినుంచో జీతం లేకుండా చేస్తోంది. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు విసిరే ఎక్కువ ఫ్రీక్వెన్సీ చెత్తను ఆపడంలో తమ ఫిల్టర్ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. రికార్డు ప్లేయర్ సన్నని సంకేతాన్ని పెంచే ఫోనో స్టేజీ, డిజిటల్ పాటను ఆంప్లిఫైయర్‌కి అర్థమయ్యే సంకేతంగా మార్చే డీఏసీ లాంటి సున్నితమైన ప్రాణాలకు అది మేలే. అంతమాత్రానికి ఘంటసాల వచ్చి సోఫాలో కూర్చోరు.

మా తోడల్లుడిగారు ఒప్పుకోరు. ఎవరి దగ్గరో అరువు తెచ్చిన కండిషనర్‌ని ఒక ఆదివారం మా ఇంటికి మోసుకొచ్చారు. పాట పెట్టి, కళ్లు మూసుకుని, "అన్నయ్యా, విన్నారా? ఆ వయొలిన్ చుట్టూ గాలి ఎలా ఆడుతోందో!" అన్నారు. మా మరదలు కాఫీ పట్టుకొచ్చి, "బావగారూ, ఆ నల్ల వైరు ఇంకా గోడకే ఉందేంటి?" అని అడిగింది. చూస్తే ఆంప్లిఫైయర్ ప్లగ్గు పెట్టెలోకి ఇంకా మారనే లేదు. ఆయన ఏమాత్రం తొణకలేదు. పక్కన ఉన్నా ప్రభావం ఉంటుందన్నారు.

ఇప్పుడు తమకు నొప్పి కలిగించే విషయం. ఎర్త్. కరెంటులో మలినాన్ని, పిడుగుపాటు వోల్టేజీని భూమిలోకి పంపించేస్తామని తమ అట్ట మీద రాసుంది. మా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఉన్నా ఆ తీగ గోడలోనే ఎక్కడో సన్యాసం పుచ్చుకుంటుంది. అలాంటి సాకెట్‌కి తమను తగిలిస్తే ఏమవుతుందో తమరు చెప్పరు గనక నేనే చెప్తాను. తమ ఫిల్టర్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి ఉంటాయి. ఎర్త్ లేకపోతే తమ ఇనుప ఒళ్లు వాటి మధ్య వేలాడుతూ, సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 ప్రాంతంలో నిలబడుతుంది. కరెంటు బహు స్వల్పం. కానీ తడి చేత్తో ముట్టుకున్నవాడికి జివ్వుమంటుంది. శుద్ధి చేయడానికి వచ్చి షాకిచ్చి పలకరించడం ఏం మర్యాద స్వామీ?

అందుకని ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. "ఎర్త్ ఉంది ఆజ్ఞా, చాలా బాగుంది" అన్నాడు (ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని). మీటర్ పెట్టమన్నాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ ఎంతుందో ఫేజుకీ ఎర్త్‌కీ దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మీటర్ ఆయన మాటను సమర్థించలేదు. పెరట్లో గొయ్యి తీసి, జీఐ పైపు దింపి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేశాం. వేసవిలో దానికి తులసికోటతో సమానంగా నీళ్లు పోస్తున్నాం. బోర్డు నుంచి హాల్లోకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాం. మొత్తం ఖర్చు తమ తమ్ముడుగారి వెలలో సగానికి లోపే. ఈ సంగతి మీ షోరూమ్‌లో ఎవరికీ చెప్పకండి, పాపం బాధపడతారు.

స్పీకర్లలో గుయ్‌మనే హమ్ కూడా తమరు తీసేస్తారని విన్నాను. అది ఎక్కువసార్లు కరెంటు దోషం కాదు. టీవీ కేబుల్ ఒకచోట ఎర్త్ అవుతుంది, ఆంప్లిఫైయర్ ఇంకోచోట ఎర్త్ అవుతుంది, రెండింటి మధ్య చక్రం ఏర్పడి 50 హెర్ట్జ్ భజన మొదలవుతుంది. కేబుల్ పీకితే ఆగిందంటే దోషి దొరికినట్టే. దానికి కేబుల్ మధ్యలో ఐసొలేటర్ అని చిన్న ముక్క చాలు. కొందరు మహానుభావులు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి "హమ్ పోయింది" అంటారు. హమ్‌తోపాటు మనిషి కూడా పోయే మార్గం అది. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి.

ఇక తుపాన్లు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా పొరుగున గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. స్తంభాలు లేచాక, తీగలు బిగించాక, ఎక్కడో ఒక న్యూట్రల్ జాయింటు వదులుగా ఉండిపోతుంది. అది ఊడిన క్షణాన మూడు ఫేజులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తక్కువ లోడున్న ఇంటికి 350 వోల్టులు కూడా రావచ్చు. తమ లోపల సర్జ్‌ని, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని మింగే బిళ్లలు మామూలుగా 275 వోల్టుల వరకు నిలబడే రకం. క్షణంలో వెయ్యోవంతు పిడుగును మింగడం వాటికి చేతనవును. నిమిషాల తరబడి వచ్చే 350ని మింగబోతే పొగ వదిలి పరమపదిస్తాయి. ఇలాంటప్పుడు కావలసింది వోల్టేజీ హద్దు దాటగానే లైను తెంచేసి, సర్దుకున్నాక కాసేపు ఆగి మళ్లీ కలిపే కటాఫ్. అది వోల్టేజ్ ప్రొటెక్టర్ పేరుతో ఎలక్ట్రికల్ షాపులో, మేకుల పొట్లాల పక్కన దుమ్ము పట్టి దొరుకుతుంది. దానికి నీలం దీపం లేదు, పొగిడే కుర్రాడూ లేడు.

అమెరికాలో ఉన్న అల్లుళ్లకు కూడా తమ ద్వారా ఒక కబురు. ప్రేమ కొద్దీ అక్కడి కండిషనర్ సూట్‌కేసులో తెస్తున్నారు. అది 120 వోల్టుల జీవి. మా 230 తగిలిన మరుక్షణం దాని అత్తవారింటి మర్యాద పూర్తయిపోతుంది. ఈసారికి చాక్లెట్లు చాలు.

ఇవన్నీ తెలిసి కూడా తమరు మా ఇంటికి వస్తామంటే నేను వద్దనను, నా షరతులు వినండి. అట్ట మీద ఎంత సర్జ్ మింగగలరో చెప్పే జౌల్స్ అంకె ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేయడం మానండి. సర్జ్ వచ్చినప్పుడు ఎన్ని వోల్టులు అవతలికి వదులుతారు, ఎన్ని వీఏ (వోల్ట్-ఆంపియర్లు, అంటే ఎంత లోడు) మోస్తారు, వోల్టేజీ ఎంతకు పెరిగితే, ఎంతకు తగ్గితే లైను తెంచుతారు, లోపలి బిళ్ల చచ్చిపోతే సాకెట్లు ఆపుతారా లేక ఏమీ జరగనట్టు నటిస్తారా, ఇవి రాయించండి. మాకు 2 కేవీఏ, అంటే 2 వేల వీఏ పెట్టె అంటగట్టొద్దు. ఇంట్లో వినే మోతకు మా ఆంప్లిఫైయర్ 100 వీఏ కూడా తాగదు, 1 కేవీఏ మాకు ధారాళం. రికార్డు ప్లేయర్, డీఏసీ, సీడీ ప్లేయర్ తమకు అప్పగిస్తాను. ఆంప్లిఫైయర్ నేరుగా కొత్త సాకెట్‌కే ఉంటుంది, ఆ కటాఫ్ కాపలాలో. అది ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు మధ్యలో తమ చోకులు (ఫిల్టర్‌లోని తీగ చుట్టలు) అడ్డుపడడం నాకిష్టం లేదు. ఇక డెమోలో తమరు ఉన్నారో లేరో నాకు చెప్పకుండా మా మరదలు మార్చి పెడుతుంది. నేను చెవితో కనిపెట్టాలి. తోడల్లుడిగారు కూడా కనిపెట్టాలి.

జవాబు రాసేటప్పుడు వెలలో జీఎస్టీ కలిసిందో లేదో తెలపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
గేట్ బజారు, బరంపురం

తా.క. డెమోకి వచ్చే ముందు ఫోన్ చేయండి. మొన్న రమ్మన్న రోజున మా వీధిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైన్ మెయింటెనెన్స్ అని కరెంటు తీశారు.