సవరణ: బడి కమిటీలో సగం కాదు, ముప్పావు వంతు తల్లిదండ్రులే

పరకాల దగ్గరి మా ఊరి బడి గురించి మొన్న రాస్తూ, యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులు సగమేనని, సర్పంచే చైర్మన్ అని అన్నాను. రెండూ తప్పే, క్షమించండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. చైర్మన్‌ను తల్లిదండ్రుల్లోంచే ఎన్నుకోవాలి. హెడ్‌మాస్టర్ కన్వీనర్ మాత్రమే.

ఇది చిన్న పొరపాటు కాదు. పత్తి ఏరి నేరుగా మీటింగుకొచ్చిన ఒక తల్లి "మాకేం తెలుసు సార్" అంటూ తలుపు దగ్గరే నిలబడి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోవడం చూశాను. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది, నిధుల ఖర్చు చూడాల్సింది ఆమె ఉన్న కమిటీయే.

2024లో తెలంగాణలో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ దీనికంటే వేరు. దానికి గ్రామైక్య సంఘం (ఊళ్లోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలు చైర్‌పర్సన్.