సవరణ: గర్భిణులు, కొద్దిపాటి మద్యం

గర్భంతో ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు గ్లాసుల వైన్ తాగినా ఫర్వాలేదని బ్రిటన్ వైద్యులు చెబుతున్నారని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, పాత సలహానే ఇప్పటిదనుకుని రాసేశాను.

2008లో అక్కడి మార్గదర్శకాలు, తాగాలనే అనుకుంటే మొదటి మూడు నెలలు మానేసి, ఆ తర్వాత వారంలో ఒకటి రెండు సార్లు, ఒకటి రెండు యూనిట్లకు మించొద్దు అన్నాయి. యూనిట్ అంటే గ్లాసు కాదు, 8 గ్రాముల ఆల్కహాల్. పన్నెండు శాతం వైన్ 175 మి.లీ. గ్లాసులోనే రెండు యూనిట్లు దాటిపోతాయి! 2016లో బ్రిటన్ ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారులు ఆ మాట మార్చి, అసలు తాగకపోవడమే క్షేమం అని తేల్చారు. అమెరికా 1981 నుంచీ ఇదే అంటోంది.

మరి భిన్నాభిప్రాయం ఎక్కడ? కొద్దిగా తాగినవారి పిల్లల్లో స్పష్టమైన హాని కనబడలేదని కొన్ని అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కానీ అలా తాగేవారిలో చదువు, ఆదాయం మెరుగ్గా ఉన్నవారు ఎక్కువ కాబట్టి పిల్లల ఆరోగ్యం దేనివల్ల బాగుందో విడదీయడం కష్టం. గర్భిణులకు మద్యం ఇచ్చి పరీక్షించలేరు కదా. ఆల్కహాల్ మాత్రం మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది, దాన్ని విచ్ఛిన్నం చేసే శక్తి ఆ లేత కాలేయానికి అంతగా ఉండదు. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

గర్భమని తెలియక ముందు కాస్త తాగామని కొందరు టెన్షన్ పడుతూ మెసేజ్ పెట్టారు. కొద్ది మోతాదైతే ప్రమాదం తక్కువే ఉండొచ్చని ఆ 2016 సలహాలోనే ఉంది. ఇక మానేసి, డాక్టరుకు ఒక మాట చెప్పండి.