పెట్టె మీది 192 మీ గొంతుని మార్చదు

ఇంట్లో రికార్డింగ్ మొదలుపెడదామనుకునే వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొనడం గురించి ఒక సలహా వచ్చి చేరుతుంది. కొంచెం అటూ ఇటూగా ఇలా ఉంటుంది: "ఉన్న డబ్బులో సింహభాగం ఆడియో ఇంటర్‌ఫేస్ మీదే పెట్టండి. 192 కిలోహెర్ట్జ్ లేనిది ముట్టుకోవద్దు. ప్రీయాంప్ ఖరీదైనదైతే మామూలు మైక్ కూడా స్టూడియో మైక్‌లా పలుకుతుంది. యూఎస్‌బీ-సి ఉంటే లేటెన్సీ ఉండదు. ఇన్‌పుట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉండగా డైనమిక్ మైక్ పెడితే కాలిపోతుంది." చదివితే చేయి తిరిగిన ఇంజినీర్ చెప్పినట్టే ఉంటుంది. పూర్తిగా గాలి మాటలని కూడా అనలేం, అక్కడక్కడా నిజం ఉంది. కానీ ఇదే పట్టుకుని కొంటే డబ్బంతా చెవికి అందని చోటికి పోతుంది.

మొదట 192 సంగతి. అది శాంపిల్ రేట్, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందన్నది. అది ఎంత ఉంటే అందులో సగం దాకా ఉన్న ఫ్రీక్వెన్సీలు రికార్డవుతాయి. 44.1 కిలోహెర్ట్జ్ అయితే దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు. మనిషి చెవి మహా అయితే 20 వరకు వింటుంది, వయసు పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. 1982లో సీడీ 44.1తోనే బయటికొచ్చింది. వీడియోకి 48 మామూలు. 192 పెడితే 96 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది. మీ శ్రోతల్లో గబ్బిలాలుంటే పనికొస్తుంది. పైగా మనం వాడే మైకుల్లో చాలావాటికి తయారీదారు ఇచ్చే గ్రాఫే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది.

నష్టం మాత్రం కళ్ల ముందే కనిపిస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 మెగాబైట్లు. 192లో 34.6. నాలుగు నిమిషాల పాటకి పది ట్రాకులంటే 350 మెగాబైట్ల లోపు అయ్యేది 1.4 గిగాబైట్లకి చేరుతుంది. ప్లగిన్లు (శబ్దానికి ఎఫెక్టులు వేసే చిన్న సాఫ్ట్‌వేర్లు) కూడా ప్రాసెసర్ మీద ఇంచుమించు నాలుగు రెట్ల బరువు వేస్తాయి. సౌండ్ ఎఫెక్టులు చేసేవాళ్లు, శబ్దాన్ని బాగా నెమ్మది చేసి వాడుకునేవాళ్లు 192 వాడతారు, అందుకు తగ్గ మైక్ కూడా పెట్టుకుంటారు. గొంతు, గిటార్, పాడ్‌కాస్ట్ పనికి 48 చాలు. అన్నిటికన్నా పెద్ద విషయం, చవక ఇంటర్‌ఫేసుల్లో కూడా చాలావాటి మీద ఇప్పుడు 192 అని రాసే ఉంటుంది. ఇన్నిటి మీద ఉన్న అంకెని చూసి ఏది మంచిదో తేల్చడం ఎలా?

నిజంగా కావలసింది 24 బిట్, అంటే ఒక్కో కొలతని ఎంత సూక్ష్మంగా రాసుకుంటుందన్నది. దానితో పీక్‌లు మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా తీరిగ్గా రికార్డు చేసుకోవచ్చు, నాయిస్ పైకి తేలుతుందన్న భయం ఉండదు. అదిప్పుడు దాదాపు అన్నిట్లోనూ ఉంది.

ఇక ప్రీయాంప్, అంటే మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం. ఈ సలహాలో ఎక్కువ మంది జేబు ఖాళీ చేసేది ఇదే. ప్రీయాంప్ తన వంతుగా ఎంత నాయిస్ కలుపుతుందో చెప్పే కొలతని ఈఐఎన్ అంటారు. 150 ఓమ్‌ల సోర్స్ పెట్టి కొలిస్తే భౌతికశాస్త్రం ఒప్పుకునే హద్దు సుమారు మైనస్ 131 డీబీయూ. ఆ రెసిస్టెన్స్‌లో వేడి వల్ల పుట్టే నాయిసే అంత ఉంటుంది, దాన్ని దాటి కిందికి పోవడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడొచ్చే చవక ఇంటర్‌ఫేసులు చాలావరకు మైనస్ 127, 128 దగ్గర ఉన్నాయి. అంటే ఎంత డబ్బు పోసినా ఇంకా దొరికేది మూడు నాలుగు డీబీలే. మీ గదిలో ఫ్యాన్ ఆపితే అంతకన్నా ఎక్కువ దొరుకుతుంది.

నమ్మకం లేకపోతే చిన్న పరీక్ష చేయండి. మైక్ పెట్టి, మామూలుగా పాడేటప్పుడు ఉంచే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు)‌లోనే ఉంచి, ఏమీ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేయండి. దాన్ని 30 డీబీలు పెంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ముందు వినబడేది కంప్యూటర్ ఫ్యాన్ హోరు, కిటికీ అవతలి బండి, పక్క గది టీవీ. అన్నిటి వెనక ఎక్కడో సన్నగా, హెచ్చుతగ్గులు లేకుండా "స్‌స్‌స్" మంటూ ఉండేది మైక్, ప్రీయాంప్‌లది. తర్వాత ఒకసారి చప్పట్లు కొట్టి అదీ వినండి. చప్పట్ల తోక గోడలకి తగిలి ఖంగుమంటుంటే, మీ గొంతు కూడా ప్రతి మాటకీ అలాగే తగులుతోందన్నమాట. దానికి ఏ ప్రీయాంప్‌లోనూ మందు లేదు. మందపాటి దుప్పట్లు, పరుపు, పుస్తకాల అర, మైక్‌ని నోటికి దగ్గరగా జరపడం, ఇవే మందు.

ప్రీయాంప్‌లో పట్టించుకోవలసింది ఒకటుంది, ఆ సలహాలో దాని ఊసే లేదు. అది గెయిన్ ఎంత ఇస్తుందన్నది. షూర్ ఎస్‌ఎమ్7బి లాంటి డైనమిక్ మైక్ (కాయిల్‌తో, బయటి కరెంట్ లేకుండా పనిచేసేది) ఒక పాస్కల్ శబ్దానికి ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులే. మెల్లగా మాట్లాడేవాళ్లకి దానితో 60 డీబీల గెయిన్ కావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో ఉన్నది 56, నాలుగో తరంలో 69. అదే కండెన్సర్ మైక్ అయితే చాలావరకు పది మిల్లీవోల్టులు దాటుతుంది, దానికి పాత పెట్టె కూడా ఎక్కువే. కాబట్టి ముందు మైక్ తేల్చుకోవాలి, ఇంటర్‌ఫేస్ తర్వాత.

"యూఎస్‌బీ-సి ఉంటే లేటెన్సీ ఉండదు" అన్నది పచ్చి అబద్ధం. లేటెన్సీ అంటే శబ్దం లోపలికెళ్లి మళ్లీ వినబడేసరికి అయ్యే ఆలస్యం. సి అన్నది సాకెట్ ఆకారం. సి సాకెట్ ఉన్న ఇంటర్‌ఫేసుల్లో చాలావాటి లోపల నడిచేది యూఎస్‌బీ 2.0యే, అందులో తప్పు కూడా లేదు. దాని వేగం సెకనుకి 480 మెగాబిట్లు. రెండు ఛానెళ్లు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో పంపినా అయ్యేది 9.2 మెగాబిట్లే.

లేటెన్సీ పుట్టేది బఫర్‌లో, అంటే శబ్దాన్ని కాసేపు పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వలో. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి ఇది పడుతుంది. దానిపైన కన్వర్టర్ తీసుకునే సమయం, డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) జాగ్రత్త కోసం గుట్టుగా దాచుకునే ఇంకో బఫర్. శాంపిల్ రేట్ పెంచితే అదే బఫర్ తక్కువ సమయం అవుతుంది, నిజమే. కానీ బరువు పెరిగి చిటపటలు మొదలవుతాయి, మళ్లీ బఫర్ పెంచుతాం. చిన్న బఫర్‌లో చిటపటలు రాకుండా నడిపించడం డ్రైవర్ రాసినవాళ్ల పనితనం. విండోస్‌లో అయితే ఆ కంపెనీ సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ (తక్కువ ఆలస్యంతో ఆడియో నడిపే రకం) ఉందా అన్నది సాకెట్ కన్నా వంద రెట్లు ముఖ్యం. మ్యాక్‌లో ఆపిల్ సొంత ఆడియో వ్యవస్థ కోర్ ఆడియో ఉంది కాబట్టి ఈ టెన్షన్ తక్కువ.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి దాని లైన్ ఇన్‌పుట్‌కే ఒక కేబుల్ పెట్టండి. ఒక ట్రాక్‌లో క్లిక్ ప్లే చేస్తూ ఇంకో ట్రాక్‌లో దాన్నే రికార్డు చేయండి. రికార్డయ్యే ట్రాక్ మానిటరింగ్ ఆపి ఉంచాలి, లేకపోతే శబ్దం గిరగిరా తిరిగి కీచుమంటుంది. తర్వాత జూమ్ చేసి చూడండి. లేటెన్సీ ఎంతో డ్రైవర్ చెబితే సాఫ్ట్‌వేర్ ఆ మేరకు ట్రాక్‌ని వెనక్కి జరుపుతుంది కాబట్టి, రెండు క్లిక్‌లూ ఒకదాని కింద ఒకటి ఉండాలి. 200 శాంపిళ్లు పక్కకి పోయి ఉంటే డ్రైవర్ తప్పు లెక్క చెబుతోందన్నమాట. మీరు చేసే ప్రతి టేక్ నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యంగా కూర్చుంటుంది. ఆ తేడాని సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో చేత్తో సరిచేసుకోవచ్చు. ఇక పాడేటప్పుడు మీ గొంతు మీకే ఆలస్యంగా వినబడటమే బాధైతే, డైరెక్ట్ మానిటరింగ్ బటన్ చాలు. అది కంప్యూటర్ దాకా వెళ్లకుండానే వినిపిస్తుంది. ఆ బటన్ చాలా చవకవాటి మీద కూడా ఉంటుంది.

ఇన్‌పుట్ల లెక్కలో ఒక కిటుకుంది. పెట్టె మీద 18 అని ఉంటే 18 మైకులు పెట్టొచ్చని కాదు. అందులో ఎనిమిది ఏడాట్ ఆప్టికల్‌వి, రెండు ఎస్‌పీడిఫ్‌వి కావచ్చు, రెండూ మైక్ నేరుగా పెట్టలేని డిజిటల్ ఇన్‌పుట్లే. ఏడాట్ ఎనిమిదినీ మైకులకి వాడాలంటే ఇంకో ఎనిమిది ప్రీయాంప్‌ల పెట్టె కొనాలి. 96 కిలోహెర్ట్జ్‌కి వెళితే ఆ ఎనిమిది నాలుగవుతాయి. డ్రమ్స్ రికార్డు చేసేవాళ్లకి ఇవన్నీ కావాలి. ఒక్కరే పాడుకునే చోట రెండు మంచి మైక్ ఇన్‌పుట్లు, అందులో ఒకటి గిటార్‌కి పనికొచ్చే హై-జెడ్ అయితే చాలు. ఆ హై-జెడ్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) సుమారు ఒక మెగాఓమ్ ఉంటుంది. గిటార్‌ని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే ఇంపెడెన్స్ కుదరక స్వరం మొద్దుబారుతుంది.

ఫాంటమ్ పవర్ అంటే కండెన్సర్ మైకులకి కేబుల్‌లోనే పంపే కరెంట్. ఆ 48 వోల్టులు ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ సాకెట్‌లో రెండు, మూడు పిన్నుల మీద సమానంగా వస్తాయి. కాబట్టి డైనమిక్ మైక్ కాయిల్‌కి రెండు కొసల మధ్య వోల్టేజ్ తేడా ఉండదు, కరెంట్ పారదు, ఏమీ కాలదు. పాడైన కేబుల్‌తో, కొన్ని రిబ్బన్ మైకులతో ప్రమాదం నిజంగా ఉంది, అక్కడ ఆపేయడమే మంచిది. ఏ మైకైనా సరే, ఫాంటమ్ ఆన్‌లో ఉండగా పీకితే హెడ్‌ఫోన్స్‌లో ధన్‌మని మోగుతుంది. ముందు గెయిన్ తగ్గించండి.

కొనే ముందు ఇంకొకటి చూడాలి. తయారీదారు డ్రైవర్‌ని చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశాడు, పాత మోడళ్లని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లకి తెస్తున్నాడా లేదా అని. లోపలి చిప్పులు నిక్షేపంగా ఉన్నా, డ్రైవర్ ఆగిపోయినందుకే మూలన పడ్డ ఇంటర్‌ఫేసులు చాలా ఉన్నాయి. సొంత డ్రైవర్ లేకుండానే నడిచే క్లాస్ కంప్లయంట్ పెట్టె అయితే ఆ గండం చాలావరకు తప్పుతుంది. ఫోన్‌కి, టాబ్లెట్‌కి తగిలించుకోవడానికీ అదే పనికొస్తుంది.