లైట్లు ఎక్కువైతే సేఫ్టీ పెరుగుద్దా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈమధ్య అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, "వీధిలో ఎంత లైటింగ్ ఉంటే అంత సేఫ్, ఎల్ఈడీలొచ్చాక కరెంటు ఖర్చే లేదు, లైట్ పొల్యూషన్ (రాత్రిళ్ళు అక్కర్లేని వెలుగు ఎక్కువైపోవడం) అనేది చుక్కలు చూసేవాళ్ళ గోల" అని. మూడూ తప్పే.

ముందు సేఫ్టీ సంగతి. ఆడపిల్లలు రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చే దారిలో లైటు కచ్చితంగా ఉండాలి, దాంట్లో డౌటే లేదు, కానీ ఆ వెలుగు నేల మీద పడాలి, కళ్ళలో కాదు. గేటు మీద ఫ్లడ్‌లైట్‌ని రోడ్డుకేసి తిప్పి పెడితే బండి మీద వచ్చేవాడికి కళ్ళు బైర్లు కమ్మి దాని వెనక నిలబడ్డ మనిషి కూడా కనపడడు. ఇంగ్లండ్, వేల్స్‌లో 62 కౌన్సిళ్ళ (అంటే మన మున్సిపాలిటీల్లాంటివి) డేటా మీద 2015లో ఒక స్టడీ వచ్చింది, వీధిలైట్లు డిమ్ చేసినచోట, రాత్రి కొంతసేపు ఆపేసినచోట కూడా యాక్సిడెంట్లు, నేరాలు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. మన రోడ్ల మీద గుంతలు, గేదెలు ఉంటాయి కాబట్టి ఇక్కడా ఆపేయమని నేను అనట్లేదు, "ఎంత ఎక్కువైతే అంత" అన్న లెక్కే తప్పంటున్నా.

ఎల్ఈడీ కరెంటు తక్కువ తీసుకుంటది, నిజమే. అందుకేగా ఒకటి ఉండాల్సిన చోట నాలుగు పెట్టి తెల్లారేదాకా వెలిగిస్తున్నాం! పైగా 6500 కెల్విన్ (లైటు రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి నీలం పెరుగుద్ది) తెల్లలైటులో నీలం పాలు ఎక్కువ, రాత్రిపూట నిద్రకి సాయం చేసే మెలటోనిన్ హార్మోన్‌ని తగ్గించి నిద్ర చెడగొట్టేదీ, గాల్లో బాగా చెదిరి ఆకాశాన్ని తెల్లగా చేసేదీ ఆ నీలమే. జనం 2011 నుంచి 2022 దాకా చుక్కల్ని కంటితో చూసి పంపిన లెక్కల్ని బట్టి ఆకాశం ఏడాదికి సుమారు 9.6 శాతం చొప్పున వెలుగెక్కుతోందని 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఇక చుక్కల గోలంటారా, విశాఖ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ సంగతేంటి మరి? గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల వెలుగున్న వైపు పాకుద్ది, చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదే ఉంటది, లైట్లున్న బీచ్‌లో మాత్రం అది రోడ్డు వైపు ఉంటది. అటు పాకిన పిల్ల బళ్ళ కిందో కుక్కల నోట్లోనో పడుద్ది, లేదంటే ఎండకి మాడిపోద్ది పాపం.

చెయ్యాల్సిందేమో చాలా సులువు. లైటు ముఖం నేలకి దించండి, పైన రేకు కప్పు పెట్టండి, 3000 కెల్విన్ లోపు పసుపు బల్బు కొనండి, సెల్లార్‌కి, గేటుకి మోషన్ సెన్సర్ పెట్టించండి. లద్దాఖ్‌లో హాన్లే చుట్టూ 2022లో డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి ఆకాశం చీకటిగా ఉండేలా కాపాడే ప్రాంతం) ప్రకటించారు, అక్కడ ఊళ్ళల్లో మనుషులు లైట్లు ఇలాగే సర్దుకుని బతుకుతున్నారు, చీకట్లో కూర్చోలేదు.