గోడకు 18 అంగుళాల దూరంలో

గత నవంబరు 5న, కార్తీక పౌర్ణమి సాయంత్రం, మన గుడి మెట్ల మీద పేర్చిన బ్యాటరీ దీపాల ముందు ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి ఉన్నారు. కూతురి దగ్గరికి కొత్తగా వచ్చిన ఆవిడకు, ఆవరణలో నిప్పు వెలిగించరాదన్న మన కార్యవర్గ తీర్మానం సంగతి తెలియదు. చేతిసంచిలో నుంచి నెయ్యిలో నానిన 365 వత్తుల కట్టను బయటికి తీసి, "ఎక్కడ ముట్టించమంటవు బిడ్డా?" అని నన్ను అడిగారు. నేను విషయం చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా కట్టను మళ్ళీ రేకు కాగితంలో చుట్టి, నెయ్యి అంటిన వేళ్ళను కొంగుకు తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయారు. ఆ తీర్మానానికి కారణమైన, మొక్కల మడుల్లో నేలను కప్పడానికి పరిచే చెక్క పేళ్ళ ఎర్ర మల్చ్‌ను గుడికి తెప్పించింది నేనే. అందుకే ఈ ఉగాది సంచికలో, మళ్ళీ మల్చ్ ట్రక్కులు మన వీధుల్లో తిరగడం మొదలుకాకముందే, ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. 2024 శరదృతువులో వానలు లేక మసాచుసెట్స్ అంతటా అడవులు అంటుకున్న రోజులవి. ఆ నవంబరులో దీపోత్సవం ముగిసి అందరూ ఇళ్ళకు బయలుదేరాక, మరిచిపోయిన శాలువా కోసం వెనక్కి వచ్చిన ఒకావిడకు తూర్పు గోడ పక్కన కాలిన చెక్క వాసన వచ్చింది. మంట ఎక్కడా లేదు. పూలమడి అంచున ఇటుక మీద పెట్టిన మూకుడులోంచి ఒక వత్తి గాలికి జారి మల్చ్‌లో పడింది, అంతే. పిడకల దాలి ఎలా పైకి కనిపించకుండా గంటల తరబడి లోలోపల రాజుకుంటుందో, ఈ మల్చ్ కూడా అలాగే రాజుకుంటూ గోడ చెక్కల దాకా పాకింది. ఫైర్ ఇంజన్ వచ్చింది. అందులోంచి దిగిన ఉద్యోగి నీళ్ళు చల్లి ఊరుకోలేదు, గొర్రుతో మడిని అడుగుదాకా తిరగేశాడు. పైన తడిసిన ఎరుపు, దాని కింద తెల్లటి బూడిద, ఇంకా కింద చేయి పెట్టలేనంత వేడిగా నల్లటి బొగ్గుముక్కలు. ఆయన గోడ నుంచి మూరెడు దూరం చేత్తో కొలిచి చూపించి, ఇంత మేర ఇక్కడ ఏమీ ఉండకూడదని, దీపానికి బదులు సిగరెట్టు ముక్క పడినా ఇదే జరిగేదని చెప్పి వెళ్ళాడు.

ఆయన చెప్పింది సొంత అభిప్రాయం కాదు. చెక్క, వినైల్ వంటి అంటుకునే గోడలున్న కట్టడాలకు 18 అంగుళాలలోపు కొత్తగా మల్చ్ వేయకూడదన్న నిబంధన మన రాష్ట్రంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. ఆరు లేదా అంతకు తక్కువ వాటాలున్న నివాసాలకు అది వర్తించదు గానీ, మంటకు ఆ మినహాయింపు తెలియదు కదా. నేను ఆ నిబంధన చదవనేలేదు. పరచడానికి వచ్చిన పిల్లలకు, గోడకు ఆనించి దట్టంగా వేస్తే కలుపు రాదని కూడా చెప్పాను.

ఎరుపు రంగునే ఎందుకు ఎంచుకున్నానంటే దానికొక కారణం ఉంది. కరీంనగర్ జిల్లాలోని మా ఊళ్ళో సంక్రాంతికి ముందు నాయనమ్మ తులసి గద్దెకు జాజు పూసి, తెల్లటి సున్నంతో అంచులు దిద్దేది. ఆమె గోళ్ళ సందుల్లోని ఎరుపు రెండు మూడు రోజుల దాకా పోయేది కాదు, ఆ చేత్తోనే మాకు అన్నం కలిపి పెట్టేది. ఇక్కడ నర్సరీ ఆవరణలో వాన వెలిసిన మధ్యాహ్నం ఆ ఎర్ర మల్చ్ గుట్టను చూసినప్పుడు, నాకు కనిపించింది ఆ గద్దె. గుడి చుట్టూ జాజు పూసినట్టు ఉంటుందని అనుకున్నాను. ఆ పోలిక నా ఊహ మాత్రమే కాదు. ఎర్ర మల్చ్‌కు సాధారణంగా వేసే రంగు ఐరన్ ఆక్సైడ్, అంటే జాజుకు ఎరుపునిచ్చే ఇనుప తుప్పు వంటిదే. నల్ల మల్చ్‌కు వేసేది మసి లాంటి కార్బన్. ఈ రంగులు విషపూరితమన్న భయంతో చాలామంది నన్ను అడిగారు, నిజానికి చూడవలసింది రంగును కాదు, రంగు కింద ఉన్న చెక్కను.

బెరడుతో చేసిన మల్చ్‌కు సహజంగానే ముదురు రంగు ఉంటుంది, దానికి రంగు వేయవలసిన అవసరం పెద్దగా రాదు. రంగు చక్కగా పట్టేది ఎండిన చెక్క పేళ్ళకు. ఆ పేళ్ళు చాలాసార్లు సరుకులు పేర్చే విరిగిన చెక్క పలకల నుంచి, కూల్చిన ఇళ్ళ కలప నుంచి వస్తాయి. పాత డెక్కులకు, అంటే ఇళ్ళకు ఆనించి చెక్కతో కట్టే అరుగులకు, చెదపట్టకుండా ఆర్సెనిక్, క్రోమియం, రాగి కలిపిన మందు పట్టించేవారు. ఇళ్ళ వాడకానికి ఆ కలపను తయారుచేయడం 2003 చివరికి ఆగిపోయింది గానీ, అంతకు ముందు కట్టిన డెక్కులు ఇంకా కూలుతూనే ఉన్నాయి. కాబట్టి కొనేటప్పుడు ఆ చెక్క ఎక్కడిదో అడగండి, మల్చ్ అండ్ సాయిల్ కౌన్సిల్ ధ్రువీకరణ గుర్తు ఉన్న సంచులనే తీసుకోండి, గుప్పెడు తీసి చూస్తే ప్లైవుడ్ పొరలో, పెయింటు పెచ్చులో, మేకులో కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. వెనిగర్ లాగా ఘాటైన పుల్లటి వాసన వస్తే, అది గాలాడక పులిసిన మల్చ్. లేత మొక్కలను మాడ్చేస్తుంది. మన గోంగూర, తోటకూర, బచ్చలి మడుల్లో మాత్రం రంగు మల్చ్ వద్దని గట్టిగా చెబుతున్నాను. అక్కడ ఎండుటాకులు, గడ్డి చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఆచ్ఛాదన అని పిలిచేది దీన్నే, దానికి ఏ రంగూ లేదు.

ఇక నేను చేసిన అసలు తప్పు లెక్కలో ఉంది. ఒక యార్డు అంటే 27 ఘనపుటడుగులు, 3 అంగుళాల మందాన పరిస్తే 108 చదరపు అడుగులకు సరిపోతుంది. మన గుడి మడులన్నీ కలిపి 600 చదరపు అడుగులు, అంటే ఆరు యార్డులు చాలు. నేను 10 యార్డులు తెప్పించాను. దింపిన సరుకు మిగలకూడదని అంతా పరిచేశాం, మందం ఐదు అంగుళాలు దాటింది. రెండు మూడు అంగుళాల మల్చ్ నేలలో తడిని కాపాడుతుంది, కలుపును ఆపుతుంది. అంతకు మించితే వాననీరు వేళ్ళదాకా దిగదు, గాలి అందదు. మరుసటి ఏడాది రంగు వెలిసిందని పాతదాని మీదే ఇంకో పొర వేయడం కూడా ఇటువంటిదే. పాతదాన్ని గొర్రుతో కదిపితే చాలావరకు రంగు మళ్ళీ తేలుతుంది. ఆ పేళ్ళను మట్టిలో కలిపి తవ్వకూడదు, అవి కుళ్ళే క్రమంలో మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపుబారతాయి.

దీనికంటే నన్ను ఎక్కువ బాధించేది మేపుల్ చెట్ల సంగతి. ఈ దేశంలో చెట్టు మొదలు చుట్టూ మల్చ్‌ను శంకువులా పోయడం ఒక ఆనవాయితీగా మారింది, దాన్ని చూసి మేమూ పోశాం. నాయనమ్మ మామిడి మొక్కకు పాదు చేసేటప్పుడు మొదలు దగ్గర మట్టిని కాస్త ఎత్తుగా ఉంచి, నీరంతా చుట్టూ ఉన్న పల్లంలో నిలిచేలా చూసేది. మొదలు తడిస్తే బెరడు కుళ్ళుతుందిరా అనేది. తడి మల్చ్ ఆనుకుని ఉన్న బెరడు అలాగే మెత్తబడుతుంది, పైకి వచ్చిన కొత్త వేళ్ళు కాండాన్ని చుట్టి బిగిస్తాయి. మల్చ్ కూడా పాదులాగే మొదలుకు జానెడు దూరంలో ఉండి, చుట్టూ విస్తరించాలి. మనకు తెలిసిన పద్ధతిని మనమే పక్కన పెట్టాం.

తీర్మానం చేసిన పెద్దల వైపు న్యాయం లేదని నేను అనడం లేదు. గుడికి బీమా ఉంది, పిల్లలు తిరుగుతారు, వాళ్ళు జవాబు చెప్పుకోవాలి. మన అలవాటులోనూ లోపం ఉంది. నదిలోనో, రాతి ప్రాకారంలోనో దీపం పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయే అలవాటును, చెక్క గోడల దేశానికి మనం యథాతథంగా తెచ్చుకున్నాం. దీపం కొండెక్కేదాకా ఒకరు దగ్గర కూర్చోవాలన్న నియమం ఉంటే 2024లో ఆ వత్తి పడిన క్షణంలోనే ఆరిపోయేది. అయినా ఆ రాత్రి రాజుకున్నది గోడకు ఆనుకున్న ఐదు అంగుళాల ఎండు చెక్క. దాన్ని అక్కడే ఉంచి దీపాన్ని మాత్రం తీసేశాం. ఈ రోజుకీ తూర్పు గోడ పక్కన ఆ మల్చ్ అలాగే ఉంది, గత వేసవిలో ఎవరో దాని మీద కొత్త పొర కూడా వేశారు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఏప్రిల్‌లో నేల ఆరాక ఒక శనివారం నాకు ఇవ్వండి. గోడ పొడవునా 18 అంగుళాల మేర మల్చ్ తీసేసి, గులకరాళ్ళు పోద్దాం. చెట్ల మొదళ్ళను విడిపిద్దాం. మిగతా మడుల్లో ఉన్నదాన్ని మూడు అంగుళాలకు తగ్గిద్దాం. ఇకముందు కొత్త మల్చ్ వేయాల్సి వచ్చినా, తర్వాత రెండు రోజులు వాన లేని రోజు చూసుకుని వేస్తే రంగు కారదు, మెట్లకు మరకలు పడవు. చేతితొడుగులు, దుమ్ముకు మాస్కులు తెచ్చుకోండి. తూర్పు వాకిలి ముందు కాంక్రీటు నేల మీద, మడులకు దూరంగా, దీపాలకు ఒక చోటు గుర్తించండి. గులకరాళ్ళ ఖర్చు నాది. వచ్చే కార్తీక పౌర్ణమికి నీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని చివరి వత్తి కొండెక్కేదాకా నేను అక్కడే కూర్చుంటాను. ఆ పెద్దావిడ కూతురిని కలిసి ఆవిడ మళ్ళీ ఎప్పుడు వస్తారో అడిగాను, అక్టోబరులో వస్తారట.