ఈశాన్యంలో కొండ

(విశాఖపట్నం, పెదవాల్తేరు. ఆదివారం పొద్దున్న. పోర్టులో రిటైరైన సన్యాసిరావు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక సముద్రం ఫొటోకి మెరుగులు దిద్దడం పూర్తిచేశాడు. ఫొటో తీసింది ఆయన భార్య సత్యవతి, డిసెంబర్‌లో, ఆర్కే బీచ్‌లో, తన ఫోన్‌తో. దాన్ని పెద్దగా ప్రింటు వేయించి, హైదరాబాద్‌లో ఆవిడ తమ్ముడి గృహప్రవేశానికి ఇవ్వాలని నిర్ణయం. ఆ నిర్ణయం వరకూ ఇద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు.)

సన్యాసిరావు: సత్యా, ఇలా రా. ముందు కళ్లు మూసుకో.

సత్యవతి: పొయ్యి మీద పులుసుంది. కళ్లు మూసుకునే తీరిక ఎక్కడుంది? చూపించండి.

సన్యాసిరావు: చూడు మరి!

సత్యవతి: బాగుంది. ఏ ఊరు?

సన్యాసిరావు: ఏ ఊరేమిటి! నువ్వు తీసిందే. మన ఆర్కే బీచ్.

సత్యవతి: ఆర్కే బీచ్‌కి ఈ నీలం ఎవరిచ్చారు? మన నీళ్లు ఒడ్డు దగ్గర బూడిద రంగు, కాస్త లోపలికి పోతే పాచి పచ్చ. ఈ నీలం మాల్దీవుల వాళ్లది.

సన్యాసిరావు: శాచురేషన్, అంటే రంగుల గాఢత, కొంచెం పెంచాను.

సత్యవతి: కొంచెమంటే?

సన్యాసిరావు: ప్లస్ 60.

సత్యవతి: వందలో అరవై కొంచెమా? మీ బీపీ అంత పెరిగితే ఊరుకుంటామా? సరే, ఇసుక మీద నల్ల చారలుండాలి, అవేవీ?

సన్యాసిరావు: ఆ మురికంతా ఓపిగ్గా తుడిచాను. రాత్రి పన్నెండయింది.

సత్యవతి: మురికా! నేను భీమిలిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు చెబుతున్నారా? అవి ఇల్మనైట్, గార్నెట్. బరువైన ఖనిజాలు. అల వెనక్కి లాగేటప్పుడు తేలిక ఇసుక నీళ్లతో పోతుంది, బరువు రేణువులు చారల్లా ఒడ్డునే ఉండిపోతాయి. వాటికోసం కంపెనీలు క్యూ కడితే మీరు రాత్రంతా మేలుకుని తుడిచేశారు.

సన్యాసిరావు: చూసేవాళ్లకి అవన్నీ తెలుస్తాయా?

సత్యవతి: చూసేవాడు మా తమ్ముడు. వాడూ భీమిలి వాడే.

సన్యాసిరావు: (గొంతు సవరించుకుని) అది వదిలెయ్. అసలు ముఖ్యమైన విషయం విను. నువ్వు తీసిన ఫొటోలో సముద్రం రెండు డిగ్రీలు కుడివైపుకి వాలింది.

సత్యవతి: ఎడమ చేత్తో మీ చెప్పులు పట్టుకుని, కుడి చేత్తో ఫొటో తీశాను. వాలకేం చేస్తుంది?

సన్యాసిరావు: నిన్నేమీ అనట్లేదు. నిటారుగా చేశానంటున్నాను. ఇంకోటి, నీ ఫొటోలో నీళ్లూ ఆకాశం కలిసే గీత సరిగ్గా మధ్యలో ఉంది. అలా ఉండకూడదు. ఫొటోని మూడు భాగాలు చేసుకుని, కింది గీత మీదో పైగీత మీదో పెట్టాలి. రూల్ ఆఫ్ థర్డ్స్ అంటారు.

సత్యవతి: ఆ జపాన్ ఆయన అలా పెట్టలేదుగా.

సన్యాసిరావు: ఏ జపాన్ ఆయన?

సత్యవతి: సుగిమోతో. 1980 నుంచీ దేశదేశాల సముద్రాలు తీస్తున్నాడట. బ్లాక్ అండ్ వైట్. పైసగం గాలి, కింది సగం నీళ్లు, గీత నట్టనడుమ. ఓడ లేదు, పక్షి లేదు, మనిషి లేడు.

సన్యాసిరావు: నీకెలా తెలుసు?

సత్యవతి: మీరు వీడియోలు పెట్టే సౌండుకి పక్కింటి వాళ్లకీ తెలుసు. మీరు మధ్యలో నిద్రపోతారు. నేను కూర తరుగుతూ ఆఖరిదాకా వింటాను.

సన్యాసిరావు: ఆయన సుగిమోతో కాబట్టి చెల్లింది.

సత్యవతి: సత్యవతికి చెల్లదా? సరే, ఓడలేవి?

సన్యాసిరావు: ఏ ఓడలు?

సత్యవతి: హార్బర్‌లోకి రావడానికి వరస కోసం లంగరేసుకుని నిలబడతాయి కదా, దూరంగా. ఆ పొద్దున్న నాలుగో అయిదో ఉన్నాయి.

సన్యాసిరావు: (జూమ్ చేసి, మళ్లీ వెనక్కి తీసి) సన్నగా నల్ల చుక్కల్లా ఉన్నాయే, అవా?

సత్యవతి: అవే.

సన్యాసిరావు: లెన్సు మీద దుమ్మనుకున్నాను.

సత్యవతి: వేల టన్నుల ఓడని దుమ్మనుకున్నారా! పోర్టులో పెన్షన్ తీసుకుంటున్న మనిషి!

సన్యాసిరావు: నేను అకౌంట్స్ సెక్షన్. ఓడలు కాగితం మీదే చూశాను.

(ఈ మాట నిజమే. ఆయన సర్వీసులో ఎక్కిన ఒకే ఒక్క నౌక కురుసుర సబ్‌మెరైన్. అదీ ఒడ్డున మ్యూజియం చేశాక, టికెట్ కొనుక్కుని.)

సత్యవతి: ఉండండి. ఏదో తేడాగా ఉంది. యారాడ కొండ ఎడమవైపుకి ఎప్పుడొచ్చింది?

సన్యాసిరావు: గమనించావా? ఫ్లిప్ చేశాను.

సత్యవతి: అంటే?

సన్యాసిరావు: అద్దంలోలా తిప్పడం. ఊరికే కాదు. మీ తమ్ముడు చిట్టిబాబు హాల్లో ఈ ఫొటో పెట్టే గోడకి ఎడమ చివర నైరుతి. నైరుతిలో బరువుండాలని వాస్తు. కొండ కంటే బరువేముంటుంది? అందుకే అటు జరిపాను. నువ్వు మెచ్చుకుంటావనుకున్నాను.

సత్యవతి: మనం ఆర్కే బీచ్‌లో సముద్రానికేసి నిలబడితే ఆ యారాడ కొండ ముక్కు, డాల్ఫిన్స్ నోస్, ఏ దిక్కునుంటుంది?

సన్యాసిరావు: కుడివైపు.

సత్యవతి: దిక్కు అడిగాను.

సన్యాసిరావు: దక్షిణం... కాస్త పడమర...

సత్యవతి: నైరుతి! ఆ దేవుడే ఊరికి వాస్తు చూసి నైరుతిలో కొండ పెట్టాడు. మీరు దాన్ని ఎత్తి, కైలాసగిరి పక్కన ఈశాన్యంలో పడేశారు. గృహప్రవేశం నాడు ఈశాన్యంలో కొండ! మా మరదలు ఆ మూల చెప్పుల స్టాండు కూడా పెట్టనివ్వడంలేదు.

సన్యాసిరావు: ఫొటోలో ఈశాన్యం వేరు, ఇంట్లో ఈశాన్యం వేరు.

సత్యవతి: ఆ కొండ మీది లైట్‌హౌస్ మీద ఒట్టేసి చెప్పండి.

సన్యాసిరావు: సరే, మళ్లీ తిప్పేస్తాను. ఒక్క క్లిక్. కనీసం ఆకాశం గురించి ఒక మంచిమాట చెప్పు.

సత్యవతి: ఆకాశం నాది కాదు కదా?

సన్యాసిరావు: (నిశ్శబ్దం)

సత్యవతి: ఆ పొద్దున్న ఇన్ని మబ్బుల్లేవు. సూర్యుడేమో ఈ చివర కొండ పక్కనున్నాడు, నీళ్ల మీద బంగారు మెరుపేమో ఆ చివరనుంది. మెరుపు ఎప్పుడూ సూర్యుడి కిందనుంచి మన కాళ్ల దాకా రావాలి. మనం నడిస్తే అదీ మనతో నడుస్తుంది. ఇక్కడ చూడండి, ఇద్దరూ విడాకులు తీసుకున్నట్టున్నారు.

సన్యాసిరావు: నిటారు చేసినప్పుడు అంచులు కోయాల్సొచ్చింది. ఆ కోతలో నీ సూర్యుడు పోయాడు. వేరే ఆకాశం తెచ్చి పెట్టాను. సాఫ్ట్‌వేర్‌లోనే బోలెడు ఉన్నాయి.

సత్యవతి: పైగా కొండ పక్కకి సూర్యుడు పోయాడంటే అది సాయంత్రం. మనూళ్లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని సముద్రంలో మునగడు. అస్తమయం కావాలంటే ముంబైలో కాపురం పెట్టాల్సింది.

సన్యాసిరావు: నువ్వు ఒక్క జపాన్ ఆయన్ని తెస్తే నేను ఫ్రాన్స్ ఆయన్ని తెస్తాను. గుస్తావ్ ల గ్రే. 1856, 57ల్లో సముద్రం ఫొటోలతో పేరు మోగిపోయింది. ఆయన ఏం చేశాడో తెలుసా? సముద్రం ఒక నెగెటివ్, ఆకాశం ఇంకో నెగెటివ్. రెండూ అతికించి ఒకే ప్రింటు. నేను చేసిందీ అదే. దీనికి నూట డెబ్భై ఏళ్ల సంప్రదాయముంది!

సత్యవతి: ఆ వీడియో కూడా విన్నాను. అప్పటి గాజు ప్లేట్లకి నీలం వెలుగంటే విపరీతమైన ప్రేమ. నీళ్లు సరిగ్గా పడేదాకా ఆగితే ఆకాశం తెల్లగా మాడిపోయేది. గత్యంతరం లేక వేరే తీసి అతికించాడు. నా ఫోన్‌లో ఆకాశం చక్కగా పడిందిగా! ఉన్నదాన్ని తీసేసి అతికించమని ఆయన చెప్పాడా?

సన్యాసిరావు: పైగా ఆయన ఒకే మబ్బుని రెండు మూడు ఫొటోల్లో వాడాడు.

సత్యవతి: పెళ్లికి కట్టిన చీరే పేరంటానికీ కట్టడం లాంటిది. చూసినవాళ్లు గుర్తుపడతారు. అసలు రెండు డిగ్రీలు తిప్పితే అంత కోతెందుకు పడింది?

సన్యాసిరావు: నువ్వు 0.5లో తీశావు. అంటే అల్ట్రావైడ్, బాగా వెడల్పుగా పట్టే లెన్సు. అంచుల్లో ఉన్నవి పక్కకి సాగిపోతాయి. బాగోదని ఆ పక్క ఇంకొంచెం కోశాను.

సత్యవతి: ఆ పక్కేముంది?

సన్యాసిరావు: ఏముంది... ఇసుక.

(సత్యవతి కళ్లద్దాలు పైట చెంగుతో తుడుచుకుని, ఒంగి, తెరకి దగ్గరగా వెళ్లింది. సన్యాసిరావు కుర్చీ వెనక్కి జరిపాడు.)

సత్యవతి: తడి ఇసుకలో ఇదేమిటి?

సన్యాసిరావు: ఎక్కడ?

సత్యవతి: తలకిందులుగా ఒక టోపీ. టోపీ పైన మొహం. మొహం పైన టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి. చెయ్యి పైన పొట్ట. పొట్ట పైన ఏమీ లేదు!

సన్యాసిరావు: అల నురగ అయ్యుంటుంది.

సత్యవతి: నురగ టీ తాగుతుందా? ఇది మా చిట్టిబాబు నీడ! మనిషేడీ?

సన్యాసిరావు: చెబుతాను, కంగారుపడకు. కోతలో వాడు సగానికి తెగాడు. సగం మనిషి ఫొటోలో ఉంటే అపశకునం కదా, గృహప్రవేశానికి. అందుకని మిగతా సగం కూడా...

సత్యవతి: చెరిపేశారు.

సన్యాసిరావు: అదొక టూలు. మచ్చల్ని తీసేస్తుంది.

సత్యవతి: మా తమ్ముడు మచ్చా!

సన్యాసిరావు: నేననలేదు, సాఫ్ట్‌వేర్ అంది.

సత్యవతి: వాడి ఇంటికి, వాడి గోడకి, వాడే లేని ఫొటో! పైగా వాడి ప్రతిబింబం మాత్రం ఇసుకలో వదిలేశారు. రాత్రి పన్నెండింటికి నల్ల చారలు తుడిచిన మనిషికి ఇంత పొట్ట కనబడలేదా?

సన్యాసిరావు: వాడు లేకపోతే ఫొటోలో ప్రశాంతత వచ్చింది. కళాపరంగా చెబుతున్నాను.

సత్యవతి: పాతికేళ్లుగా కళాపరంగానే చెబుతున్నారు. ఒరిజినల్ ఉందా?

సన్యాసిరావు: నీ ఫోన్‌లో భద్రం. కానీ ముందే చెబుతున్నా, అది 12 మెగాపిక్సెల్. నిడివి 4000 పిక్సెళ్లు. 36 అంగుళాల ప్రింటు వేస్తే అంగుళానికి 111 వస్తాయి. మూడొందలుండాలంటారు.

సత్యవతి: గోడమీది ఫొటోని ముక్కు ఆనించి చూస్తామా? సోఫాలోంచి చూస్తాం. చాలు. మీరు కోసిందాంట్లో ఎన్ని మిగిలాయో చెప్పండి.

(సన్యాసిరావు ఆ లెక్క చెప్పలేదు. ఇంతలో ఫోన్ మోగింది. చిట్టిబాబు. సత్యవతి స్పీకర్ ఆన్ చేసింది.)

చిట్టిబాబు: అక్కా! బావ రాత్రి పంపిన ఫొటో ఇప్పుడే చూశాం. అదిరిపోయింది!

సత్యవతి: (భర్తకేసి చూస్తూ) రాత్రే పంపించారా?

చిట్టిబాబు: ఏ దేశం అక్కా?

సత్యవతి: తర్వాత చెబుతాను. నచ్చిందా?

చిట్టిబాబు: బ్రహ్మాండం. ఒక్క చిన్న మార్పు చెప్పనా? కింద ఇసుకలో ఎవడో తలకిందులుగా పడ్డాడు. టోపీ, టీ గ్లాసూ... ఫొటో అందమంతా పాడుచేస్తున్నాడు. బావకి చెప్పి వాణ్ణి తీయించెయ్యవా?

(సన్యాసిరావు రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దణ్ణం పెట్టాడు.)

సత్యవతి: అది నువ్వేరా.

చిట్టిబాబు: నేనా? (చాలాసేపు మాట లేదు) అంత లావున్నానా?

సన్యాసిరావు: (ఫోన్ దగ్గరికి ఒంగి) లెన్సు తప్పు నాయనా! 0.5లో అంచున నిలబడితే ఎవరైనా సాగుతారు. మీ అక్క చెప్పినా వినదు!

చిట్టిబాబు: అయితే బావా, నన్ను మళ్లీ నిలబెట్టండి. కాని ఓ పది కిలోలు తగ్గించి నిలబెట్టండి. ఇసుకలో కూడా.

సన్యాసిరావు: తప్పకుండా! దానికో టూలుంది...

సత్యవతి: (ఫోన్ లాక్కుని) ముందు ఓడలు పెట్టండి. వాడి పొట్ట సంగతి తర్వాత చూద్దాం.