ఏ డాక్యుమెంటరీ చూడాలో మనిషే చెప్పాలి

ఓటీటీలో ఏం చూడాలని అడిగితే సినిమా పేరో సిరీస్ పేరో చెప్పేవాళ్లు పదిమంది దొరుకుతారు. డాక్యుమెంటరీ పేరు చెప్పేవాళ్లు మాత్రం అరుదు. ఆ పనిని మనం టీవీ తెర మీద కనిపించే వరసలకు వదిలేశాం. తమ ప్రేక్షకులు చూసే గంటల్లో దాదాపు 80 శాతం సిఫార్సుల వల్లే వస్తాయని నెట్‌ఫ్లిక్స్ అధికారులే 2015లో ఒక పరిశోధన పత్రంలో రాశారు. సిఫార్సుల కచ్చితత్వాన్ని 10 శాతం పెంచినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామని ఆ సంస్థ 2006లో పోటీ పెట్టింది, 2009లో ఇచ్చింది కూడా. ఇంత డబ్బూ ఇంత తెలివీ పోసినా ఆ లెక్కలకు అందేది నిన్న మీరు దేన్ని చివరిదాకా చూశారన్నదే. ఏది చూస్తే మీకు మీ ఊరు గుర్తొస్తుందో వాటికి తెలియదు. అది మీ ఊళ్లో బతుకుతున్న మనిషికే తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో కొన్ని పేర్లు చెబుతాను. ఎందుకు చూడాలో కూడా హైదరాబాద్‌లో నిలబడే చెబుతాను.

ముందు ఆ వరసల్లో ఏముంటుందో చూడండి. భారతీయ డాక్యుమెంటరీలని వెతికితే రెండే రకాలు ముందుకొస్తాయి: హత్యలు, హీరోలు. ఢిల్లీ బురారిలో ఒకే ఇంట్లో 11 మంది మరణాలు, కేరళ కూడత్తాయిలో సైనైడ్ హత్యలు, వీరప్పన్ వేట. వీటిలో వీరప్పన్ సిరీస్‌ను నేను తీసిపారేయను. అడవి అంచున బతికేవాళ్లు పోలీసులకూ దొంగకూ మధ్య ఎలా నలిగిపోయారో అందులో ఉంది. మిగతావాటిలో చాలా భాగం భయం అమ్ముకునే సరుకే. ఇక తారల మీద వచ్చేవి సరేసరి. 2024లో రాజమౌళి మీద ఒకటి వచ్చింది, నయనతార మీద ఇంకొకటి వచ్చింది. అభిమానులు సంతోషంగా చూడొచ్చు. కానీ ఎవరి గురించి తీస్తున్నారో వాళ్లను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటీ అడగని సినిమాను డాక్యుమెంటరీ అనడానికి నాకు మనసొప్పదు.

నేను మొదట చెప్పే పేరు ‘అమెరికన్ ఫ్యాక్టరీ’. నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. ఒహాయో రాష్ట్రంలో డేటన్ పక్కనున్న జనరల్ మోటార్స్ ప్లాంటు 2008లో మూతపడింది. కొన్నేళ్లకు ఫుయావో అనే చైనా కంపెనీ అదే షెడ్డును కొని కార్ల అద్దాల ఫ్యాక్టరీ పెట్టింది. ఉద్యోగాలు తిరిగొచ్చాయని ఊరంతా సంబరపడింది. ఒక కార్మికురాలు కెమెరా ముందు కూర్చుని లెక్క చెబుతుంది: జీఎంలో గంటకు 29 డాలర్ల పైచిలుకు వచ్చేది, ఇక్కడ 12 డాలర్ల 84 సెంట్లు. ఆమె ఏడవదు, ఎవర్నీ తిట్టదు. ఆ రెండు అంకెలు చెప్పి ఊరుకుంటుంది. సినిమా సగం ఆ రెండు అంకెల్లోనే ఉంది.

తర్వాత అమెరికన్ సూపర్‌వైజర్లను చైనాలోని అసలు ఫ్యాక్టరీకి తీసుకెళ్తారు. అక్కడ షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులు పోలీసు పరేడ్‌లోలా వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు అంకెలు చెబుతారు. ఇంకోచోట కొందరు పగిలిన గాజుముక్కల కుప్ప ముందు కూర్చుని వాటిని చేత్తో ఏరుతుంటారు. వాళ్లు తొడుక్కున్న గ్లోవ్స్ ఆ పనికి చాలేవి కావు. చూస్తున్న అమెరికన్లు నోరు వెళ్లబెడతారు. యూనియన్ పెట్టుకోవాలా వద్దా అని 2017లో డేటన్‌లో ఓటింగ్ జరిగితే వద్దన్నవాళ్లు 868 మంది, కావాలన్నవాళ్లు 444 మంది. దర్శకులు జూలియా రైకర్ట్, స్టీవెన్ బోగ్నార్ ఇక్కడ ఎవరినీ దుర్మార్గుణ్ని చేయలేదు. చైనా నుంచి వచ్చి ఇంటిని తలుచుకుంటూ బతికే ఫర్నేస్ కార్మికుడి మీదా మనకు ప్రేమ పుడుతుంది, అతని పక్కన పనిచేసే అమెరికన్ మీదా పుడుతుంది. వాళ్లకు అది సాధ్యపడిందంటే కారణం ఉంది. జీఎం ప్లాంటు మూతపడినప్పుడు కూడా అదే ఊళ్లో, అదే గేటు ముందు కెమెరా పెట్టి ఒక చిన్న చిత్రం తీసినవాళ్లు వాళ్లే. ఆ ఊరిని వదిలిపెట్టలేదు.

ఇది హైదరాబాద్ కథ కాదని ఎవరనగలరు? కూకట్‌పల్లి పక్కన ఆల్విన్ కాలనీ ఉంది, ఆల్విన్ ఫ్యాక్టరీ లేదు. బాలానగర్‌లో ఐడీపీఎల్ పేరుతో కాలనీ ఉంది, బస్టాపు ఉంది, మందులు తయారుచేసిన ఐడీపీఎల్ లేదు. ఈ నగరం ఫార్మా రాజధాని అయ్యిందంటే ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాళ్ల చలవే. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. పటాన్‌చెరులో, జీడిమెట్లలో ఈ రాత్రి కాంట్రాక్టు మీద షిఫ్టు ఎక్కే కుర్రాడికి ఆ 12 డాలర్ల 84 సెంట్ల బాధ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో పేరు ‘టు కిల్ ఎ టైగర్’. నిషా పాహుజా తీశారు, 2024లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. జార్ఖండ్‌లో ఒక పల్లె. 13 ఏళ్ల అమ్మాయి మీద ముగ్గురు అత్యాచారం చేస్తారు. ఆ ముగ్గురిలో ఒకడికిచ్చి పెళ్లి చేసేస్తే గొడవ ఉండదని ఊరి పెద్దలు అంటారు. వరి పండించుకునే ఆ తండ్రి ఒప్పుకోడు. అక్కణ్నుంచి కోర్టు వాయిదాలు, అప్పులు, బెదిరింపులు, ఇంట్లో మౌనం. ఒక దశలో ఊరివాళ్లు కెమెరా బృందం మీదకే వచ్చి వెళ్లిపొమ్మంటారు. ఆ తండ్రి తాగుతాడు, వాయిదాకు వెళ్లకుండా ఉండిపోదామా అనిపించేంత నీరసపడతాడు, మళ్లీ లేస్తాడు. 14 నెలల తర్వాత ముగ్గురికీ 25 ఏళ్ల శిక్ష పడుతుంది.

ఈ సినిమా మన నగరం తప్పకుండా చూడాలి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని నివేదిక ఇచ్చింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చిన నాటికి మన టీవీ ఛానళ్లకు ఆ వార్త పాతబడిపోయింది. పూలు చల్లిన రోజును రోజంతా లైవ్‌లో చూపించినవాళ్లలో ఆ నివేదికను ఒక గంటసేపైనా చదివి వినిపించినవాళ్లు ఎందరు? జార్ఖండ్ పల్లెలో చదువు అంతంతమాత్రమైన ఒక రైతు 14 నెలలు కోర్టు మెట్లెక్కి తెచ్చుకున్న న్యాయం ముందు మన పది రోజుల న్యాయాన్ని పెట్టి చూసుకోవాలి. డాక్యుమెంటరీకీ వార్తకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. వార్త వెళ్లిపోయాక కూడా కెమెరా ఆ ఇంట్లోనే ఉంటుంది.

‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2023 మార్చిలో ‘నాటు నాటు’ గెలిచిన రాత్రే అదీ ఆస్కార్ గెలిచింది. మన ఇళ్లలో మాత్రం పాటే మోగింది. 40 నిమిషాల చిత్రం, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు. ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లి పెంచిన రఘు అనే ఏనుగు పిల్ల తల్లి కరెంటు తగిలి చనిపోయింది. ఆ ఆస్కార్ వచ్చిన రెండు నెలలకే, 2023 మేలో, పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలే చనిపోయాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చెప్పండి. శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ కూడా దొరికితే వదలొద్దు. ఢిల్లీ గాలికి కిందపడే గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల కథ అది. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ఓపికపట్టాలి.

పన్నెండు గంటలు పనిచేసి, ఓఆర్ఆర్ ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చిన మనిషికి ఈ టెన్షన్ ఎందుకు, హాయిగా నవ్వుకునేది ఏదైనా చూడనివ్వండి అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. రోజూ డాక్యుమెంటరీయే చూడమని నేనూ అనను. కానీ అదే మనిషి రాత్రి పదకొండింటికి హత్య కేసు సిరీస్‌లో ఎపిసోడ్ మీద ఎపిసోడ్ చూస్తున్నాడు కదా! బరువైనది చూడలేకపోవడం కాదు విషయం. తనకు దగ్గరైన బరువు ఎక్కడుందో అతనికి చెప్పేవాళ్లు లేరు.

అతని భాషలో చెప్పేవాళ్లు అసలే లేరు. నేను పైన చెప్పిన పేర్లన్నీ ఇంగ్లిష్ పేర్లే. వాటిలోని మనుషులు హిందీలో, తమిళంలో, చైనీస్‌లో మాట్లాడతారు, కింద ఇంగ్లిష్ అక్షరాలు పరిగెడతాయి. హీరో ఉంటే, హత్య ఉంటే తెలుగు డబ్బింగ్ దొరుకుతుంది. ఫ్యాక్టరీ కార్మికుడి కథకు తెలుగు సబ్‌టైటిల్ దొరకడం గగనం. ఇది చేతకాని పనేం కాదు. 1948లో పుట్టిన ఫిల్మ్స్ డివిజన్ తన డాక్యుమెంటరీలను తెలుగు వ్యాఖ్యానంతో మన టాకీసుల దాకా పంపింది. సినిమాకు ముందు వేసిన ఆ రీళ్లలోనే ఆనకట్టలూ ఉక్కు కర్మాగారాలూ ఎలా ఉంటాయో చూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వన్యప్రాణుల డాక్యుమెంటరీ ‘వైల్డ్ కర్ణాటక’కు ఇంగ్లిష్‌లో డేవిడ్ అటెన్‌బరో గొంతిస్తే తెలుగులో ప్రకాశ్‌రాజ్ ఇచ్చారు. ఎంత బాగుందో విన్నవాళ్లకు తెలుసు. ప్రైమ్ వీడియో నడిపే అమెజాన్ తన అతిపెద్ద క్యాంపస్ భవనాన్ని 2019లో ప్రారంభించింది మన నానక్‌రామ్‌గూడలోనే. అంత పెద్ద భవనం ఉన్న ఊరి భాషలో డాక్యుమెంటరీలు వినిపించమని అడగడం అత్యాశ అవుతుందా?

అయినా డబ్బింగ్‌తో తీరే ఆకలి కాదు ఇది. మన కథలు మనం తీసుకోవడం లేదు, నా అసలు బాధ అది. సత్యం కంప్యూటర్స్ కుంభకోణాన్నే తీసుకోండి. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో 7,000 కోట్ల రూపాయలకు పైబడిన మోసం బయటపడింది. పులి మీద స్వారీ చేస్తున్నాను, దిగితే తినేస్తుందని ఆయన ఆ లేఖలోనే రాసుకున్నారు. ఆ ఉదయం మాదాపూర్‌లో, బంజారాహిల్స్‌లో వేలమంది ఉద్యోగుల ఇళ్లలో ఏం జరిగిందో మనకు తెలుసు. దాని మీద ఒక ఎపిసోడ్ తీసింది మాత్రం లండన్ సంస్థ. అది నెట్‌ఫ్లిక్స్ కోసం తీసిన ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ సిరీస్ 2020లో విడుదలైనప్పుడు హైదరాబాద్ సివిల్ కోర్టు ఉత్తర్వుల వల్ల ఆ ఎపిసోడ్ లేకుండానే వచ్చింది. మాల్యా, నీరవ్ మోదీ, సుబ్రతా రాయ్ కథలు వచ్చాయి, మన ఊరి కథ ఆగింది. అప్పుడు ఈ సినిమా నగరంలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగింది, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. మూసీ ఒడ్డున ఇళ్ల కూల్చివేతల మీద ఇంత రగడ నడుస్తున్న ఈ రోజుల్లో, ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టి నది పొడవునా నడిచే మంచి తెలుగు డాక్యుమెంటరీ ప్రతి ఇంట్లో ఆడుతుండాలి.

డబ్బు లేదనో, చదువు లేదనో చెప్పడానికి వీల్లేదు. మనకు ఎంతో దూరంలో లేని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు ఇరవై ఏళ్ల కిందటే కెమెరా పట్టారు. వాళ్లలో బడి ముఖం చూడనివాళ్లు ఉన్నారు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చిన వెంటనే వాళ్లు వరంగల్ జిల్లా రైతుల చేలకు వెళ్లారు. విత్తనం వేసినప్పటి నుంచి పత్తి తీసేదాకా మళ్లీ మళ్లీ వెళ్లారు. పెట్టుబడి ఎంత, పురుగు మందు ఎన్నిసార్లు కొట్టారు, చేతికి ఎంతొచ్చింది అని రైతునే అడిగి, రైతు నోటితోనే చెప్పించారు. ఆ చిత్రాలు ఎల్లలు దాటి వెళ్లాయి. డేటన్‌లో ఆ దర్శకులు చేసింది కూడా ఇదే, ఊరిని వదలకుండా ఉండటం. మన నగరంలో స్టూడియోలు ఉన్నాయి, ఎడిటింగ్ సూట్లు ఉన్నాయి, కొత్త డాక్యుమెంటరీ వస్తే వేసి చర్చ పెట్టే లామకాన్ లాంటి చోటు ఉంది. ఆ ఇల్లు ఒకప్పుడు ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీ దర్శకుడు ఎం. హసన్‌ది. లేనిదల్లా నిర్మాతల పట్టుదల, ప్రభుత్వ నిధి. సినిమా షూటింగులకూ టికెట్ రేట్లకూ ఇన్ని జీవోలు ఇచ్చే ప్రభుత్వాలు, ఏటా కొన్ని తెలుగు డాక్యుమెంటరీలకు డబ్బిచ్చి వాటిని తెలుగు ఓటీటీల్లో, దూరదర్శన్‌లో ఉచితంగా చూపించేలా ఒక్క జీవో ఇవ్వలేవా?

ఈ శనివారం ‘అమెరికన్ ఫ్యాక్టరీ’ పెట్టండి. మీ ఇంట్లోనో వీధిలోనో ఆల్విన్‌లో, ఐడీపీఎల్‌లో, ప్రాగా టూల్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంగ్లిష్ మాటలు మీరు తెలుగులో చెబుతుండండి. 29 డాలర్ల దగ్గర ఆపి, మీ జీతం ఎంతుండేది, గేటు మూసిన రోజు ఎక్కడున్నారు అని అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ ముందే ఆన్ చేసి పెట్టుకోండి. ఆయన పూర్తిగా చెప్పేదాకా మధ్యలో అడ్డురాకండి.